మా వియ్యంకుడి సాక్సోఫోన్

పోయిన వారం కూరగాయలకని బజారుకు వెళ్ళి ఆటోలో తిరిగి వస్తుంటే రోడ్డుకు అడ్డంగా ఒక పెళ్ళి ఊరేగింపు వచ్చింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, అతని ముందు బ్యాండు మేళం, మేళానికి ముందు చెమటలు కారేలా ఎగురుతున్న బావమరుదులు. వెనక బొంబాయి వైపు వెళ్ళే లారీలు హారన్లు కొడుతున్నాయి. మేళంలో సాక్సోఫోన్ వాయిస్తున్న అతను సినిమా పాటలో చరణం అయిపోయి పల్లవి అందుకునే లోపల దొరికిన చిన్న సందులో, పాటలో లేని నాలుగు స్వరాలు సొంతంగా అల్లి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పల్లవిలోకి వచ్చేశాడు. ఎగిరేవాళ్ళు ఎగురుతూనే ఉన్నారు. గుర్రం కూడా చెవి కదపలేదు. ఆటో అతను పక్క గల్లీలోంచి పోదామా సార్ అన్నాడు. వద్దు, ఆగమన్నాను. మళ్ళీ అలాంటి సందు వస్తుందేమో, మళ్ళీ ఏమంటాడో విందామని. ఎండకు కొత్తిమీర కట్ట వాలిపోయేదాకా విని ఇంటికి వెళ్ళి ఆలస్యానికి కారణం చెబితే, మా ఆవిడ కోప్పడలేదు. మీ బావగారికి ఫోన్ చేసి చెప్పండి, సంతోషిస్తారు అంది.

బావగారంటే మా వియ్యంకుడు. మా అల్లుడి తండ్రి.

మాది కృష్ణా కాలువల కింద ఊరు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమని పెళ్ళైన కొత్తలో జహీరాబాద్ వచ్చాం. కొన్నాళ్ళుండి మన వైపు వెళ్ళిపోదాం అనుకుంటూనే పిల్లను పెంచాం, చదివించాం, నేను రిటైరయ్యాను. మా అమ్మాయి కూడా అదే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి, తన పక్క విభాగంలో పనిచేసే కుర్రాణ్ణి చేసుకుంటానంది. వాళ్ళది కోహీర్ దగ్గర వ్యవసాయ కుటుంబం. అల్లం, చెరకు, ఇంటి ముందు జామతోట. కుర్రాడు మంచివాడు. వద్దనడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని తండ్రిగా నా ప్రయత్నం నేను చేశాను గానీ దొరకలేదు.

కుర్రాడి తండ్రి వయసులో ఉండగా మిలిటరీలో చేరి, అక్కడి బ్యాండులో సాక్సోఫోన్ వాయించాడు. తుపాకీ పట్టుకున్న రోజుల కంటే బాజా పట్టుకున్న రోజులే ఎక్కువని ఆయనే చెబుతాడు. పింఛను తీసుకుని ఊరికి వచ్చి భూమి చేసుకోవడం మొదలుపెట్టి ఎంతో కాలమైనా నడుము మాత్రం ఇంకా కవాతులోనే ఉంది. నులక మంచం మీద కూర్చున్నా నిటారుగానే కూర్చుంటాడు. ఆ మంచానికే మర్యాద వచ్చినట్టుంటుంది. పైకి మెలితిరిగిన మీసం చూసి మా ఆవిడ పెళ్ళిచూపుల నాడు అమ్మాయిని పక్కకు పిలిచి, ఈయన ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అని అడిగింది.

ఆడవాళ్ళిద్దరూ తొందరగానే కలిసిపోయారు. ఇక్కడి నుంచి గోంగూర పచ్చడి వెళ్ళేది, అక్కడి నుంచి గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు వచ్చేవి. మా ఇద్దరికే మాటలు చాలేవి కావు. వెళ్ళినప్పుడల్లా "మంచిగున్నరా బావా" అని ఆయన, బాగున్నాం బావగారూ, వానలెలా ఉన్నాయి అని నేను. వానల సంగతి అయ్యాక అల్లం సంగతి, అల్లం సంగతి అయ్యాక ఇద్దరం గోడకున్న క్యాలెండరు చూసేవాళ్ళం. ఆ ఏడాది ఏకాదశులన్నీ నాకు నోటికొచ్చాయి. ఇద్దరిదీ తెలుగే అయినా ఆయన మాటలో సగం నాకు ఒక క్షణం ఆలస్యంగా అందేది. నా మాటలోని దీర్ఘాలు ఆయనకు నాటకంలా వినిపించేవట. ఆ సంగతి చాలా కాలం తర్వాత చెప్పాడు.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. అప్పటికి మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి ఎనిమిదో నెల. రొట్టె తుంచుతూ తుంచుతూ ఆయన ఆగి, "ముంగటి పండ్లన్ని ఊగుతున్నయి బావా. ఇంక నిలవయట" అన్నాడు. నా ఎదురుగా తలుపు, తలుపులోంచి జామతోట. కోహీర్ జామకు చుట్టుపక్కల ఉన్న పేరు నాకు తెలుసు. అయ్యో అని, మందు కొట్టించకపోయారా బావగారూ అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూశాడు. తరువాత వేలితో మీసం పైకెత్తి పై పెదవి లాగి చూపించాడు. ఊగుతున్నవి పళ్ళే, కాకపోతే నోట్లోవి. మా అల్లుడికి పొలమారింది. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి ఆ మీసాల మనిషి కూడా నవ్వు ఆపుకోలేక కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇన్నాళ్ళలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

భోజనాలయ్యాక అసలు సంగతి చెప్పాడు. చిగుళ్ళు పాడయ్యాయి, ముందు పళ్ళు తీసేసి కట్టుడు పళ్ళు పెట్టాలని డాక్టరు అన్నాడట. మామూలు మనిషికైతే చెరకు నమలడం మానేస్తే సరిపోతుంది. సాక్సోఫోన్ వాయించేవాడికి పై పళ్ళు ఇంటికి దూలం లాంటివి. బాజా మూతి వాటి మీదే ఆని ఉంటుంది. అవి కదిలితే గాలి కదులుతుంది, స్వరం కదులుతుంది. మనుమరాలి మొదటి పుట్టినరోజు దాకా ఆగమని డాక్టరును బతిమాలుకుని వచ్చాడు. నొప్పి ఎక్కువైతే మాత్రం ఆగేది లేదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

మా ఆవిడ ఏదైనా వాయించమంది. ఆయన లోపలి నుంచి మఖ్మల్ గుడ్డ పరిచిన పెట్టె తెచ్చి, సాక్సోఫోన్ బిగించి, ఎదురుగా కుర్చీ మీద స్వరాలు రాసి ఉన్న కాగితం నిలబెట్టి మొదలుపెట్టాడు. గీత గీసినట్టు వాయించాడు. ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదు. సగంలో ఫ్యాను గాలికి కాగితం ఎగిరి మంచం కిందికి పోయింది. అంతే, పెట్రోలు అయిపోయిన బండిలా పాట ఆగింది. కళ్ళు మూసుకుని మిగతాది వాయించేస్తాడనుకున్నాను. ఆయన వంగి మంచం కింద చూస్తూ, "కాయితం లేకుంటె నాకు నోరే లేదు బావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కాగితం తీసి దులిపాక మళ్ళీ వాయించలేదు.

ఆయన మిలిటరీ పల్టన్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి ఆఫీసర్ల విందుకు బొంబాయి నుంచి ఒక సాక్సోఫోన్ మనిషి వచ్చాడట. వీళ్ళ బ్యాండు పాట వాయిస్తుంటే మధ్యలో లేచి, చేతిలో కాగితం లేకుండా, ఆ పాట చుట్టే తిరుగుతూ తనకు తోచింది చాలాసేపు వాయించాడట. జాజ్ అంటారు దాన్ని. "ముచ్చట చెప్పినట్టె చెప్పిండు బావా. నేను గన్ని ఏండ్లు వాయించిన, ఒక్క ముచ్చట చెప్పలె" అన్నాడు. ఆ మాటకు నేను, నా దగ్గర గిటారు ఉందని చెప్పాను.

నా గిటారు సంగతి పెద్దగా చెప్పుకోవలసింది కాదు. కాలేజీ హాస్టల్లో నా గదిలోని మిత్రుడి దగ్గర జాజ్ క్యాసెట్లు ఉండేవి. రాత్రీ పగలూ అవే విని, గిటారు మీద కార్డులు పట్టడం నేర్చుకున్నాను. కార్డంటే నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగించడం. పాడేవాడికి కింద పరుపు వేసినట్టు. పరుపు వేయడమే తప్ప దాని మీద నేనెప్పుడూ దొర్లలేదు. సోలో అంటే, అందరూ తగ్గి ఒక్కడికి దారి వదిలినప్పుడు అప్పటికప్పుడు కల్పించి వాయించే భాగం. అది నాకూ రాదు. ఆ విధంగా ఏమీ రాని ఇద్దరం ఒకచోట చేరాం.

ఇంట్లో పసిపిల్ల నిద్రపోవాలి కాబట్టి మా సాధనకు అల్లం చేను దగ్గరి బోరు గది ఖాయమైంది. మధ్యాహ్నం భోజనం కాగానే స్కూటరు మీద గిటారు తగిలించుకుని వెళ్ళేవాణ్ణి. ఎర్రమట్టి బాట, రెండు వైపులా చెరకు, దూరంగా హైవే మీద లారీల మోత. గదిలో మోటారు స్టార్టరు, ఎరువు సంచులు, గోడకు చుట్టలుగా వేలాడదీసిన డ్రిప్పు పైపులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి రోజు నేను బ్లూస్ అనే సులువైన వరస అందుకున్నాను. మూడు కార్డులు, గానుగెద్దులా తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. మీకు తోచింది వాయించండి అన్నాను. ఆయన ఊపిరి పీల్చి స్వరాల స్కేలు కింది నుంచి పైకి ఎక్కాడు, పై నుంచి కిందికి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. నిచ్చెన మీద సున్నం వేసేవాడిలా ఆ సాయంత్రమంతా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి వచ్చి అల్లం చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి మా వైపు చూసి, వాళ్ళలో వాళ్ళు కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

తోచింది వాయించమంటే తోచడానికి లోపల ఏదో ఉండాలి కదా. ఫోన్‌లో వెతికి వెతికి నేర్పేవాళ్ళ వీడియోలు చూశాం. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా చెప్పినా అందరూ చివరికి చెప్పేది ఒకటే. పసిపిల్లలు ముందు అమ్మ మాట విని, పలికి, ఆ తరవాతే సొంతంగా మాట్లాడతారు. అలాగే పెద్దవాళ్ళ వాయింపులోంచి చిన్న చిన్న ముక్కలు ఏరుకోవాలి, ముందు గొంతుతో పాడాలి, పాడగలిగాకే వాయించాలి, ఒక శ్రుతిలో వచ్చాక పన్నెండు శ్రుతుల్లోనూ రావాలి. ఇలా కూడబెట్టుకున్న ముక్కలనే ఆ లోకంలో వొకాబులరీ అంటారు. మా వియ్యంకుడు దాన్ని మాటలు అనేవాడు. ఇవాళ ఎన్ని మాటలొచ్చినయి బావా అని అడిగేవాడు.

మొదటి మాట పట్టడానికి మాకు వారం పట్టింది. పాత రికార్డింగు ఒకటి పెట్టి, వేగం సగానికి తగ్గించే ఆప్‌లో వింటే ఆ మహానుభావుడి సాక్సోఫోన్ కాస్తా ఈనబోయే గేదెలా మూలిగేది. అందులోంచి ఎనిమిది స్వరాల ముక్క పట్టి మేమిద్దరం గొంతెత్తి పాడుకునేవాళ్ళం. నాకు గొంతు లేదు. ఆయనకు ఉంది గానీ, కవాతులో ఆజ్ఞలిచ్చే గొంతు. అయినా పాడాం. పాడుతుంటే తెలిసింది, వేళ్ళకు తెలియని దారులు గొంతుకు తెలుస్తాయని. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ స్వరం మీద కాస్త ఒరగాలో గొంతే చెప్పేది. ఆ ముక్క అన్ని శ్రుతుల్లోనూ వచ్చిన రోజున ఆయన సాక్సోఫోన్ తుడిచి పెట్టెలో పెట్టాడు. తరువాత బయటికి వెళ్ళి, పని చేసుకుంటున్న ఆడవాళ్ళందరికీ చాయ్ చెప్పాడు.

మాటలు పెరిగేకొద్దీ వాటికి పేర్లు కావలసి వచ్చాయి. పేర్లన్నీ ఆయన పెట్టినవే. స్వరాల మీద స్వరాలు ఎక్కించుకుని కిక్కిరిసి పరుగెత్తి, చివర ఒక్కసారిగా బ్రేకు వేసినట్టు ఆగే ముక్కకు, పక్క ఊరికి జనాన్ని కుక్కి తీసుకుపోయే ఆటోల పేరే పెట్టాడు, ఝరాసంగం ఆటో అని. చేరవలసిన స్వరం ఇల్లనుకుంటే, నేరుగా ఇంటికి పోకుండా ఇంటి చుట్టూ ఒక స్వరం పైనా ఒక స్వరం కిందా తిరిగి గుమ్మంలోకి వచ్చేది పక్క గల్లీ. ఒకే ఒక్క స్వరాన్ని చాలాసేపు పట్టి చివర కొంచెం కిందికి జార్చేది ఉంది. దాన్ని అవ్వ పిలుపు అన్నాడు. చిన్నప్పుడు చీకటి పడే వేళ వాళ్ళమ్మ చేను గట్టు మీద నిలబడి పిలిచే పిలుపట. ఆ ముక్క మాత్రం ఎప్పుడు వాయించినా బాగా వాయించేవాడు. ఈ పేర్ల వల్ల మా సంభాషణలు బయటివాళ్ళకు వింతగా ఉండేవి. ఝరాసంగం ఆటో ఎక్కి పక్క గల్లీలో దిగండి బావగారూ అని నేను ఫోన్‌లో చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారండీ అని అడిగేది.

చలికాలం ముదిరింది. పళ్ళ నొప్పి కూడా ముదిరింది. కొన్నాళ్ళు ఆయన కొద్దిసేపు వాయించి లవంగం బుగ్గన పెట్టుకుని ఆగిపోయేవాడు. ఆ తొందరలో ఆయన ఒక పని చేశాడు. మిలిటరీ పద్ధతిలో మాటలన్నీ వరసగా నిలబెట్టి, ఒకటి తరువాత ఒకటి, ఏది ముందు ఏది వెనక అని ఖాయం చేసి బట్టీ పట్టేశాడు. ఒక మధ్యాహ్నం నేను కార్డులు పడుతుంటే మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా అప్పజెప్పి, ఎట్లున్నది అన్నట్టు చూశాడు. తప్పు లేదు. అదే బాధ. గైడు చూసి రాసిన వ్యాసంలా ఉంది. నేను మెత్తగానే చెప్పాననుకున్నాను. కాగితం కుర్చీ మీది నుంచి తలలోకి మారింది బావగారూ, చదవడం మాత్రం అలాగే ఉంది అన్నాను. ఆయన బాజా మూతి ఊడదీశాడు. దానికి పలుకునిచ్చే సన్నని చెక్క రీడు తీసి తుడిచి డబ్బాలో పెట్టాడు, పెట్టె మూశాడు, డ్రిప్పు చూసుకోవాలని బయటికి వెళ్ళిపోయాడు.

తరువాత కొన్ని రోజులు ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తి, పని మీద ఉన్న అనేవాడు. వియ్యాలవారి మధ్య మాట తేడా వస్తే అది ఎక్కడి దాకా పోతుందో మా ఆవిడ నాకు రోజూ వివరంగా చెప్పేది. అమ్మాయి ఏమీ అడగలేదు గానీ, నాన్నా, బోరు గదికి వెళ్ళడం లేదా అన్న ఒక్క ప్రశ్నలో అన్నీ ఉన్నాయి. చివరికి మా వియ్యపురాలే ఫోన్ చేసింది. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. బాజా ముట్టడం లేదట, పొద్దున లేచి పైపుల మీదా కూలీల మీదా కేకలేస్తున్నాడట. ఏం జరిగిందని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. విని, "అన్నా, నాతోని ఒక్క మాట అని, నేను జవాబు చెప్పెదంక ఆగుడు ఆయనకు ఇప్పటికి రాదు. బాజతోని ఎట్ల వస్తది?" అంది. తరువాత రొట్టెలు చేశాను, వచ్చి తినిపొమ్మంది.

వెళ్ళాను. రొట్టె, వంకాయ కూర తిని ఇద్దరం బోరు గదికి నడిచాం. ఆ రోజు కరెంటు లేదు, మోటారు మూగగా ఉంది. నేను కార్డులు పట్టలేదు. గిటారు మీద ఒక చిన్న ముక్క వాయించి ఆగాను. ఆయన ఝరాసంగం ఆటో మొత్తం తోలాడు. నేను చెయ్యి ఎత్తి ఆపి, మళ్ళీ అదే ముక్క వాయించి ఆయన వైపు చూశాను. నేను ఎంత వాయించానో అంతే వాయించమన్నట్టు. ఈసారి రెండు ముక్కలు వాయించాడు. మళ్ళీ ఆగాను. అలా చాలాసేపు సాగాక ఒకసారి ఆయన నేను వాయించినదాని చివరి స్వరాలే అందుకుని, కొంచెం మార్చి, ప్రశ్నకు ప్రశ్న వేసినట్టు నాకే తిప్పికొట్టి ఆగిపోయాడు. నేను తడుముకోవడం చూసి ఆయన మీసం కింద నవ్వాడు. "ఊకుండుడే కష్టమున్నది బావా. పల్టన్ల ఊకుంటె తిట్టెటోళ్ళు" అన్నాడు. జరిగినదాని గురించి మా ఇద్దరి మధ్య వచ్చిన మాట అదొక్కటే.

అప్పటి నుంచి కొత్త మాటలు ఏరడం మానేశాం. ఒక మధ్యాహ్నానికి ఒక్కటే మాట. దాన్నే ఆలస్యంగా మొదలుపెట్టడం, తోక కత్తిరించడం, తలకిందులు చేయడం, మధ్యలో ఒక స్వరం మింగేసి అక్కడ ఊపిరి వదలడం. ఒకే పిండితో మా అమ్మ ఎన్ని రకాలు చేసేదో గుర్తొచ్చేది. అల్లం తవ్వకాలు మొదలయ్యాయి. తడి మట్టి, తెగిన అల్లం కలిసిన ఘాటు వాసన గదిలోకి వచ్చేది. తవ్వేవాళ్ళలో ఒక పెద్దామె ఒక రోజు గుమ్మం దగ్గర నిలబడి బావగారితో, "పటేలా, నిన్నటిది మంచిగుండె. ఇయ్యాల్టిది జర ఏడ్సినట్టున్నది" అంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. రెండు రోజులూ వాయించింది ఒకే మాట. అది వేరు వేరుగా వినిపించిందంటే అంతకన్నా ప్రశంస మాకు వేరే అక్కర్లేదు. నాకు ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ చలికాలంలో నా నోటికి తెలియకుండానే జర, గట్లనే, పైలం అనే మాటలు వచ్చి చేరాయి. ఒక రోజు కూరల బండి దగ్గర జర మంచియి ఎయ్యి అని నేనే అన్నాను. అన్నాక వెనక్కి చూశాను, ఎవరన్నారా అని.

పుట్టినరోజు ఊళ్ళోని ఫంక్షన్ హాల్లో చేశారు. వాళ్ళ వైపు బంధువులు, మా వైపు నుంచి బస్సు దిగిన నలుగురు, ఫ్యాక్టరీ స్నేహితులు. కేకు అయ్యాక, భోజనాలకు ముందు, మా అల్లుడు మైకు తీసుకుని బాపు వాయిస్తడు అని చెప్పాడు. ఆయన ఇస్త్రీ బ్లేజరు వేసుకుని నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీ లేదు, కాగితం లేదు. నేను పక్కన స్టూలు మీద గిటారుతో. మేం సాధన చేసిన పాటను ముందు ఉన్నది ఉన్నట్టు శుభ్రంగా వాయించాడు. ఆ తరువాత ఆయన సోలో. మొదటి మాట, రెండో మాట బాగానే వచ్చాయి. మూడోదానికి నొప్పో, కంగారో, బాజా మూతి కొంచెం జారింది. స్వరం పగిలింది. ఆయన ఆగిపోయాడు. నా చేతులు కార్డులు పడుతూనే ఉన్నాయి. వరస ఒకసారి తిరిగి వచ్చింది. ఆయన మొదలుపెట్టలేదు. అయిపోయిందనుకుని వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. కొందరు భోజనాల వైపు లేచారు. ఆయన కళ్ళు ఎదురుగా కుర్చీ ఉండవలసిన చోట వెతకడం నేను చూశాను.

అప్పుడే మా మనుమరాలు తల్లి చెయ్యి విడిపించుకుని నడిచి వచ్చింది. కొత్తగా అడుగులు వేస్తున్న పిల్ల. కాళ్ళకు అడుగేస్తే కీచుమనే బూట్లు ఎవరో బహుమానంగా తొడిగారు. కీచ్, కీచ్ అని రెండడుగులు వేసి తాతను చూసి నిలబడింది. హాలంతా ఆ చప్పుడే. ఆయన సాక్సోఫోన్ పెదవులకు ఆనించి, అవే రెండు స్వరాలు, అంతే సన్నగా వాయించాడు. పిల్ల కిందికి చూసుకుంది. కీచ్ అని ఒక కాలు తొక్కింది. ఆయన ఒక్క స్వరమే వాయించాడు. పిల్ల నవ్వి వరసగా తొక్కింది. ఆయన ఆగాడు. అంతసేపూ ఊరుకుని, పిల్ల ఆగాక జవాబిచ్చాడు. ఆ రెండు స్వరాలనే పట్టుకుని కింద ఒకటి చేర్చాడు, పైన ఒకటి, వాటిని నా కార్డుల మీదికి తెచ్చి నిలబెట్టాడు. వరస తిరిగిన కొద్దీ ఆ చిన్న కీచు పెద్దదవుతూ వచ్చింది. మధ్యలో ఎక్కడో అవ్వ పిలుపు దానంతట అదే వచ్చి కలిసింది. అది బట్టీ పట్టిన చోట రాలేదు. రావలసిన చోట వచ్చింది. నొప్పి ఉన్నట్టు మొహంలో తెలుస్తోంది. అయినా తొందరపడలేదు. లేచినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. చివర పాట పల్లవిలోకి ఆయన తిరిగి వచ్చినప్పుడు ఆయన వేళ్ళే చూస్తూ ఒక కార్డు తప్పు పట్టాను. ఆయనకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆయన కనుబొమ్మ ఎత్తి సరే పో అన్నట్టు చూశాడు.

భోజనాల దగ్గర వాళ్ళ పెద్దన్న వచ్చి, మంచిగున్నది గని, గా పాట ఏ సినిమలది అని అడిగాడు. మా వియ్యంకుడు గంభీరంగా, "ఇంక రిలీజ్ కాలె అన్నా" అన్నాడు. మా వైపు నుంచి వచ్చిన ఒకాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, మధ్యలో ఆగారేం, సౌండు సిస్టమ్ పాడైందా అన్నాడు. అవునన్నాను. చెల్లెమ్మ వచ్చి ఆయన కంచంలో మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టి వెళ్ళింది. ఆయన తల వంచుకుని అది తిన్నాడు.

తరువాతి వారం పళ్ళు తీసేశారు. నేనే దవాఖానకు తోడు వెళ్ళాను. కట్టుడు పళ్ళు కుదిరాక మొదటిసారి వాయించబోతే పక్కల నుంచి గాలి పోయింది తప్ప స్వరం రాలేదు. ఆ రోజు ఆయన మొహం చూడటం నాకు కష్టమైంది. మరునాడు వెళ్ళేసరికి ఆయనే ముందుగా బోరు గదిలో కూర్చుని ఒకే స్వరాన్ని ఊదుతున్నాడు. పగుళ్ళు లేకుండా నిలబడేదాకా ఊదుతున్నాడు. ఇప్పుడు వాయిస్తున్నాడు. పై స్వరాలు కొన్ని వచ్చే దారి లేదు. గొంతు కూడా మారింది, వెనకటి నునుపు పోయి గాలి కలిసిన మెత్తని రాపిడి ఏదో వచ్చింది. ఝరాసంగం ఆటో వేగం ఆయనకు ఇక చేతకాదు. నాలుగైదు మాటలు మాత్రం మిగిలాయి. వాటితోనే సాయంత్రం గడిచిపోతుంది.

పెళ్ళి ఊరేగింపు సంగతి ఫోన్‌లో చెప్పాను. ఆ మేళంలో అతను పాట సందులో వాయించిన నాలుగు స్వరాలు పాడి వినిపించమన్నాడు బావగారు. నా గొంతుతో పాడాను. మళ్ళీ పాడమన్నాడు. అటు నుంచి సాక్సోఫోన్ తీస్తున్న చప్పుడు, తరువాత ఆ స్వరాలు, కొంచెం తప్పుగా, తరువాత సరిగా. రేపు రా బావా, పన్నెండు శ్రుతులు చేద్దాం అన్నాడు. పన్నెండూ పూర్తి కావడానికి ఇప్పుడు మాకు నెల పడుతుంది. ఇదివరకు ఆదివారం వాళ్ళింటికి వెళితే గడియారం కదిలేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం వెళ్ళినవాణ్ణి, చెరకు మీద పొద్దు వాలి మా ఆవిడ ఫోన్ చేసేదాకా అక్కడే ఉంటాను. ఇంకెన్నాళ్ళు వాయించగలం అన్న లెక్క మేమిద్దరం వేసుకోవడం మానేశాం. కాలానికి తొందరగా ఉంటే అది ముందు నడుస్తుంది, మేం నిదానంగా వెనక వస్తాం.